బస్టాండులో పరుపు

కుబ్రా లేవనంది.

“లెగనంటే లెగను. ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట,” అని దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

ఈ మాట ఇంట్లో అని ఉంటే నాకు ఇబ్బంది లేదు. ఇంట్లో మాటలు గోడలకి తగిలి అక్కడే ఆగిపోతాయి. కుబ్రా అన్నది చోడవరం బస్టాండు ఎదుట, షామియానా కింద, మా షాపులో కుట్టిన పరుపు మీద వెల్లకిలా పడుకుని. అనకాపల్లి బస్సు దిగినవాళ్లూ, మాడుగుల బస్సు ఎక్కవలసినవాళ్లూ చుట్టూ చేరారు. మాడుగుల బస్సు కండక్టరు విజిల్ వేసి వేసి, ఎవరూ కదలకపోయేసరికి తానే దిగి వచ్చి ముందు వరసలో నిలబడ్డాడు.

“పరుపు పరీక్ష చెయ్యడానికే కదే వచ్చేవు?” అన్నాను గొంతు తగ్గించి.

“అవును.”

“అయిందా?”

“ఇంకా అవలేదు.”

“పొద్దున్ననగా తొంగున్నావు. అంతసేపు దేనికే?”

“పరుపు పెద్దది,” అంది కుబ్రా.

జనంలో ఎవరో నవ్వారు. నాకు గట్టిగా అరవాలని ఉంది. కాని రంజాను నెల, ఇద్దరం రోజాలో ఉన్నాం. అరిస్తే గొంతు ఎండుతుంది, సాయంత్రం దాకా తడుపుకునే వీలు లేదు. రోజాలో ఉన్నవాడు కోపాన్ని కూడా పొదుపుగా వాడుకోవాలి.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. మా తాత విల్లు పట్టి దూది ఏకిన రోజుల నుంచీ నడుస్తోంది. కుట్టిన పరుపు ఏదైనా సరే, గడప దాటే ముందు ఇంటి ఆడమనిషి దాని మీద కాసేపు పడుకుని చూడాలి. లోపల దూది ఉండకడితే కంటికి కనబడదు, చేతికీ సరిగ్గా దొరకదు. వీపుకి దొరుకుతుంది. మా నాయనమ్మ తరవాత మా అమ్మ, అమ్మ తరవాత కుబ్రా. పడుకుని, కళ్లు మూసుకుని, వేలితో “ఇక్కడ” అని చూపిస్తుంది. అక్కడ కుట్టు విప్పితే గోలీకాయంత ఉండ బయటికి వస్తుంది. రోలుగుంట నుంచి చీడికాడ దాకా గఫూర్ పరుపు అంటే ఒక పేరు ఉందంటే, అందులో నా వాటా నోరు, ఆవిడ వాటా వీపు.

ఇంతా చేసి మా ఇంట్లో అందరం చాపల మీదే పడుకుంటాం. అమ్ముడు కావలసిన పరుపుని ఇంట్లో పరుచుకుంటే అది సరుకు కాదు, ఖర్చు.

ఫోమ్ గొడవ మొదలైన దగ్గర్నుంచీ మా ఇద్దరికీ సరిగా మాటల్లేవు. వైజాగ్ డీలరు సత్యారావుతో నేను ఫోమ్ పరుపుల ఏజెన్సీకి మాట ఇచ్చాను. షాపు వెనక షెడ్డులో దూది పని ఆపేసి దాన్ని ఫోమ్ గోడౌనుగా మార్చాలి. ఆ సంగతి కుబ్రాతో మంచి సమయం చూసి చెబుదామనుకున్నాను. మంచి సమయం వచ్చే లోపల షెడ్డు కొలవడానికి టేపు పట్టుకుని మనిషి వచ్చాడు. ఆ రోజు నుంచీ కుబ్రా నాకు అన్నం పెడుతోంది, మాట పెట్టడం లేదు.

ఆ మాటల్లేని రోజుల్లోనే ఈ కళల పండగ వాళ్లు వచ్చి పరుపు కావాలన్నారు. ఇంట్లో అడిగే మొహం లేక, బస్టాండులో పరిచే పరుపుకి పరీక్షేమిటిలే అనుకుని, నేను అలాగే పంపించేశాను. పొద్దున్న మా అమ్మాయి గజాలా ఆ సంగతి తల్లి చెవిన వేసింది. పరీక్ష కాని పరుపు గడప దాటిందని వినగానే కుబ్రా చీర కొంగు తల మీదికి లాక్కుని బస్టాండుకి నడిచి వచ్చింది, పరుపు మీద పడుకుంది. పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

“నీ పనేనా ఇదంతా?” అన్నాను గజాలాతో.

“నేను పరుపు సంగతే సెప్పేను నాన్నా. తొంగోమని సెప్పలేదు.”

“మరి దుప్పటెవరు తెచ్చేరు?”

గజాలా బస్సుల వైపు చూసింది.

పండగ పెట్టిన అమ్మాయి పేరు ప్రవల్లిక. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. వైజాగ్‌లో బొమ్మలు వేసే చదువు చదివి, తనలాంటివాళ్లని ఒక జట్టుగా వెంటేసుకుని మా ఊరు వచ్చింది. వీళ్లకి వేదిక లేదు, తెర లేదు, టిక్కెట్టు లేదు. ఒకడు ఒంటినిండా వెండి రంగు పూసుకుని బజారు మధ్య డ్రమ్ము మీద కదలకుండా నిలబడ్డాడు. ఇంకొకడు చెరకు మోపు నెత్తికెత్తుకుని కూరగాయల మార్కెట్టు ఈ చివర నుంచి ఆ చివరికీ, ఆ చివర నుంచి ఈ చివరికీ నడుస్తున్నాడు. కలాసీలు జాలిపడి, “దించాల్సిందెక్కడ బాబూ, సెప్పు, మేం దించుతాం” అంటూ వాడి వెంట తిరుగుతున్నారు. బస్టాండు ఎదుట పగలంతా నిద్రపోవడం ప్రవల్లిక వంతు.

“ఇంతకీ మీరు అమ్మేదేటమ్మా?” అని పరుపు కొన్న రోజే అడిగాను.

“ఏమీ అమ్మమండీ. అందరూ పరుగులు పెట్టే చోట ఒక మనిషి నిద్రపోతే, చూసేవాళ్లకి ఏమనిపిస్తుందో చూడాలని.”

“ఏటనిపిస్తది? బస్సు తప్పిపోయిందనిపిస్తది.”

ఆవిడ నవ్వి, బేరం ఆడకుండా కొనుక్కుంది. బేరం ఆడని మనిషిని చూస్తే నాకు అనుమానమూ గౌరవమూ ఒకేసారి కలుగుతాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి పరుపు పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని, కుబ్రాని కన్నార్పకుండా చూస్తోంది.

“అమ్మా, ఇది నువ్వు తొంగోవలసిన పరుపు. లెగమని నువ్వైనా సెప్పు,” అన్నాను.

“నేను పడుకుంటే నటన అండీ. ఆంటీ నిజంగా పడుకున్నారు,” అంది ప్రవల్లిక భక్తిగా. “నేను రెండు నెలల నుంచీ ప్రాక్టీసు చేస్తున్నా నాకు రాలేదు ఈ నిజం.”

ఈ పిల్లతో లాభం లేదని తేలింది. నేను పరుపు పక్కన గొంతుక్కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక సత్యారావు వైజాగ్ బస్సు దిగుతాడు, ఏజెన్సీ బోర్డు చేత్తో పట్టుకుని. ఆ బోర్డు మా షాపుకి ఎక్కాలి. నేను కాస్త ఆలస్యం చేస్తే అందుకోవడానికి మాడుగులలో ఒకడు చేతులు చాపుకుని ఉన్నాడు. ఏజెన్సీ తీసుకునేవాడి భార్య, ఏజెన్సీ వద్దని బస్టాండులో పడుకున్న సంగతి సత్యారావు కంట పడకూడదు.

“ఒసే కుబ్రా,” అన్నాను. “ఫోమ్ నేను తేకపోతే మాడుగులవోడు తెస్తాడు. అప్పుడు మనకి ఫోమూ ఉండదు, దూదీ ఉండదు.”

“తెచ్చుకోనీండి.”

“నీకు సుకం కాదేటి? దుమ్ముండదు. దగ్గుండదు. రోజంతా ఆ షెడ్డులో ముక్కుకి గుడ్డ కట్టుకుని ఎన్నాళ్లు సేస్తావు?”

“ఫోమ్ మీద ఎవరు తొంగుని సూస్తారు?”

“ఎవరూ సూడక్కర్లేదు. మిషను మీద వస్తది. ఉండలుండవు.”

“మరి నేనేటి సెయ్యాలి?”

అడిగిన సరుకు షాపులో లేనప్పుడు వ్యాపారస్తుడు ఇంకో సరుకు చూపిస్తాడు. నేనూ అదే చేశాను.

“ఇన్నాళ్లు సేసేవు కదా. ఇంక రెస్టు తీసుకో.”

“తీసుకుంతన్నాను కదా,” అని కుబ్రా కళ్లు మూసుకుంది.

జనం చప్పట్లు కొట్టారు. షామియానా గుంజ దగ్గర వేరుశెనక్కాయలు అమ్ముకునే అచ్చియ్యమ్మ పక్కవాడితో, “ఆడమనిసి బాగా సేత్తంది నాయినా. మొగుడి వేసం వేసినోడే తేలిపోయేడు” అంది. అచ్చియ్యమ్మకి మా షాపు నుంచి రెండు తలగడలు వెళ్లాయి. నన్ను గుర్తుపట్టకపోవడానికి కారణం లేదు. నాటకం అనుకున్నాక ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడడు కాబోలు.

అంతటితో పోతే బాగుండేది. బంగార్రాజు వచ్చాడు.

బుచ్చయ్యపేట చెరకు రైతు బంగార్రాజు దీక్షల్లో పండిపోయినవాడు. కాలవ నీళ్ల కోసం ఒకసారి, పల్లెకి బస్సు కోసం ఒకసారి ఇదే బస్టాండు ఎదుట పడుకున్నాడు. మా ఊళ్లో బస్టాండు ఎదుట షామియానా, షామియానా కింద పరుపు, పరుపు మీద మనిషి కనబడితే దానికి ఒకటే అర్థం. ఎవరో నిరాహార దీక్షకి దిగారు. కళల పండగ వాళ్లు వైజాగ్‌లో ఎంత ఆలోచించినా ఈ సంగతి వాళ్లకి తట్టే అవకాశం లేదు. నాకు తట్టాలి. పరుపు అమ్మిన తొందరలో తట్టలేదు.

బంగార్రాజు తన మనుషులతో వచ్చి, దారిలో కొన్న బంతిపూల దండ కుబ్రా కాళ్ల దగ్గర పెట్టి, నా వైపు తిరిగాడు.

“ఏటి బాయ్, ఇంట్లో మనిసి దీచ్చలో ఉంటే మాకో కబురైనా పెట్టవేటి?”

“దీక్షా లేదు, ఏటీ లేదు. పరుపు సూడ్డానికొచ్చింది.”

“పరుపు సూడ్డానికొచ్చినోలు దుప్పటి కప్పుకుంతారేటి?”

ప్రవల్లిక కల్పించుకుంది.

“ఇది మా పెర్‌ఫార్మెన్స్ అండీ.”

“మీరు సంగీబావం కదమ్మా. అలా పక్కకి కూకోండి,” అని బంగార్రాజు ఆవిడని సర్ది కూర్చోబెట్టి, కుబ్రా వైపు వంగాడు. “సెల్లెమ్మా, నీ డిమాండేటో సెప్పమ్మా.”

కుబ్రా కళ్లు తెరిచింది. అప్పటిదాకా తనకి ఉన్నది కడుపుమంట అనుకుంది కాని, దానికి డిమాండు అనే పెద్ద పేరు ఉందని ఆవిడకి తెలియదు. ఆ మాట ఆవిడకి నచ్చింది. నచ్చినట్టు నాకు తెలిసింది.

“ఫోమ్ రాకూడదు,” అంది.

“విన్నారా,” అని బంగార్రాజు జనంలోకి తిరిగాడు. “ఫోమ్ రాకూడదు.”

ఫోమ్ అంటే ఏమిటో బంగార్రాజుకి తెలిసిన సూచనలు నాకు కనబడలేదు. కాని చేయి ఎత్తి, “ఫోమ్ డౌన్ డౌన్” అన్నాడు. చెయ్యి లేస్తే గొంతు కలపడం మా ప్రాంతం వాళ్లకి అలవాటు. వెనక నుంచి ఒక ముసలాయన ముందుకి తోసుకొచ్చి, “ఆ ఫోమ్ ఫేట్రీ ఎక్కడ కడతన్నారు బాబూ? మా బూములు పోతాయేటి?” అని అడిగాడు. పోవని చెప్పాను. ఆయన నమ్మలేదు. “ముందు అలాగే సెప్తారు,” అని పక్కకి వెళ్లి కూర్చున్నాడు.

ఇంకో గంట గడిచేసరికి వెండి రంగు కుర్రాడు కూడా డ్రమ్ము దిగి వచ్చేశాడు. బజారులో వాడిని చూసేవాళ్లు లేరట, అందరూ ఇక్కడే ఉన్నారట.

మధ్యాహ్నం బంగార్రాజు మనిషి ఒకడు నిమ్మరసం గ్లాసు తెచ్చాడు.

“ఊరికే తడుపుకో సెల్లెమ్మా. జనానికి కనపడకుండా నేను అడ్డం నిలబడతాను,” అన్నాడు బంగార్రాజు మెల్లగా.

“పొద్దుగూకీ దాకా మంచినీల్లు కూడా ముట్టను,” అంది కుబ్రా.

ఆ మాట వరస వెంట వరస వెనక్కి పాకిపోయింది. నీల్లు కూడా ముట్టదంట. ఆడకూతురు, నీల్లు కూడా ముట్టదంట. బంగార్రాజు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఒప్పుకోవాల బాయ్. మేం కాలవ దీచ్చలో ఎనకాల డేరాలో మజ్జిగ తాగేవోలం. నీకు సెప్తన్నాను, ఎవరికీ సెప్పకు.”

“అది రంజాను రోజా బంగార్రాజూ. నేనూ పొద్దున్నుంచీ నీల్లు ముట్టలేదు.”

“నువ్వెందుకు ముట్టవు? నువ్వు మేనేజిమెంటువి కదా,” అన్నాడు బంగార్రాజు.

సరిగ్గా అప్పుడు వైజాగ్ బస్సు వచ్చి ఆగింది.

సత్యారావు సన్నంగా, సఫారీ డ్రస్సులో, చంకలో న్యూస్‌పేపరు చుట్టిన రేకు బోర్డుతో దిగాడు. నేను జనాన్ని చీల్చుకుని పరుగెత్తి, అతని చేయి పట్టుకుని షాపు వైపు తిప్పబోయాను. సత్యారావు తిరగలేదు. ఇంత జనాన్ని చూసి తిరిగిపోయే వ్యాపారస్తుడు ఎక్కడా ఉండడు.

“ఏంటి గఫూర్ గారూ, ఏదో గొడవలా ఉంది?”

“గొడవ కాదండి. కళల పండగ. వైజాగ్ నుంచే వచ్చేరు.”

ఇందులో అబద్ధం లేదు.

“ఆవిడెవరు?”

“ఆర్టిస్టండి,” అన్నాను.

ఇందులో ఉంది. చెప్పిన మరుక్షణం వెనక్కి చూస్తే గజాలా నిలబడి ఉంది. నావైపు ఒక చూపు చూసి, జనంలోంచి దూరి తల్లి దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పింది. కుబ్రా తల తిప్పి నన్ను చూసింది. దుప్పటి సర్దుకుంది. ఏదైనా అని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

“ఈ బాబెవరు?” అని బంగార్రాజు దగ్గరికి వచ్చాడు.

నేను నోరు తెరిచే లోపల సత్యారావు, అలవాటు ప్రకారం జేబులోంచి కార్డు తీసి ఇచ్చి, “ఫోమ్ డీలర్నండీ” అన్నాడు.

బంగార్రాజు ఆ కార్డు పైకెత్తి జనానికి చూపించాడు. “ఫోమ్ వచ్చింది.”

భూముల ముసలాయన లేచి నిలబడ్డాడు. సత్యారావు బోర్డుని గుండెకి అడ్డం పెట్టుకున్నాడు. కాని బంగార్రాజు దీక్షల మర్యాద తెలిసినవాడు. “సర్చలకొచ్చేరు. కుర్సీ వెయ్యండి,” అన్నాడు. పరుపుకి ఇటు సత్యారావుకి ఒక కుర్చీ, నాకు ఒక కుర్చీ వేశారు. అటు పక్క రైతులు నేల మీద కూర్చున్నారు. మధ్య కుబ్రా పడుకుని ఉంది. ప్రవల్లిక జట్టులో ఒకమ్మాయి కెమెరా బయటికి తీసింది.

“ఆవిడ మీ భార్యా?” అని సత్యారావు నా చెవిలో అడిగాడు.

“అవునండి.”

“ఆర్టిస్టన్నారు.”

“ఇంట్లో అందరం అంతో ఇంతో…” అని ఆగిపోయాను.

సత్యారావు బోర్డుని ఒళ్లోకి దించుకున్నాడు. తరవాత చాలా మర్యాదగా అన్నాడు. “నాకు చీకటి పడక ముందు తేలాలి గఫూర్ గారూ. ఏజెన్సీ తీసుకుంటానంటే బోర్డు మీ షాపుకి ఎక్కిస్తాను. లేదంటే మాడుగుల బస్సు ఎలాగూ ఇక్కడే ఆగి ఉంది.”

మాడుగుల బస్సు నిజంగానే ఇంకా ఆగి ఉంది. డ్రైవరు కూడా దిగి వచ్చేశాడు.

నేను కూర్చుని ఆలోచించాను. ఫోమ్ వస్తే షాపు నిలుస్తుంది. ఇందులో నాకు సందేహం లేదు. ఇంకో నాలుగేళ్లలో ఊళ్లో పెళ్లిళ్లకి దూది పరుపు అడిగేవాడు ఉండడు. ఆ సంగతి కుబ్రాకీ తెలుసు. తెలిసీ అడ్డం పడుకుంది. లాభం తెలిసీ వద్దన్న మనిషితో బేరం ఎలా ఆడాలో నాకు ఎవరూ నేర్పలేదు.

పొద్దు వాలింది. డిసెంబరు పొద్దు, చూస్తుండగానే పడిపోతుంది. గజాలా ఇంటికి పరిగెత్తి వెళ్లి టిఫిను డబ్బాలో ఖర్జూరాలు తెచ్చింది. రోజూ ఉపవాసం విడిచే ఈ వేళకి కుబ్రా ఖర్జూరం ముందు నా చేతిలో పెట్టి, తరవాత తాను తీసుకుంటుంది. ఇవాళ బంగార్రాజు నిమ్మరసం గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“దీచ్చ ఇరమింపజెయ్యాల్సింది మేనేజిమెంటే బాయ్. ముందు జనంలో హామీ ఇవ్వాల. తరవాత నీ సేత్తో ఇది పట్టాల. అదీ పద్దతి.”

మసీదు మైకులో అజాన్ మొదలైంది. జనం లేచి నిలబడ్డారు. గ్లాసులో మంచుముక్క గలగలమంది. పొద్దున్నుంచీ గొంతు ఎండిపోయి ఉన్నవాడి చేతిలో నిమ్మరసం పెట్టి హామీ అడిగితే, వాడు ఆ వేళకి రాజ్యమైనా రాసిస్తాడు.

“ఫోమ్ తేను,” అన్నాను. “షెడ్డు షెడ్డులాగే ఉంటాది. ఇది నా మాట.”

చప్పట్లు మోగాయి. ఆ మోతలో నేను సత్యారావు వైపు తిరిగి కన్ను గీటాను. జనంలో ఇచ్చిన మాట జనం ఉన్నంతసేపే. రేపు షాపులో కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు. సత్యారావుకి అర్థమైంది. కుబ్రాకీ అర్థమైంది. నేను గీటిన కన్ను ఆవిడ వైపున ఉంది.

గ్లాసు అందించాను. కుబ్రా తీసుకోలేదు.

“ఈయన నోరు నాకు తెలుసు అన్నా,” అంది బంగార్రాజుతో. “అది బేరాల నోరు. మాట అక్కర్లేదు. ఈ పరుపు మీద తొంగుని, ఎలాగుందో జనంలో సెప్పమనండి. అప్పుడు తాగుతాను.”

“అంతేనా సెల్లెమ్మా?” అన్నాడు బంగార్రాజు, చౌకగా తేలిందని ఆశ్చర్యపోతూ.

“అంతే.”

నాకూ చౌకగానే తోచింది. కుబ్రా లేచింది. పొద్దున్నుంచీ ఊరంతా ఎప్పుడు లేస్తుందా అని ఎదురు చూసిన మనిషి లేవగానే ఒక కేక వినబడింది. నేను చెప్పులు విడిచి, చొక్కా సర్దుకుని, పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను.

ఇన్నేళ్లుగా నా నోటితో అమ్ముతున్న సరుకు ఇలా ఉంటుందని నాకు తెలియదు. నడుం ఒక్కసారి నిట్టూర్చినట్టయింది. పైన షామియానా గుడ్డ, చుట్టూ తలకాయలు. కళ్లు మూసుకున్నాను. అప్పుడు తగిలింది.

ఎడమ భుజం కింద ఉండ. గోలీకాయంత. పరుపు చూడడంలో ఓనమాలు రాని నా వీపుకే తగిలిందంటే అది చిన్న ఉండ కాదు.

నా గెలుపు నా భుజం కింద ఉంది. “ఉండ ఉంది” అంటే చాలు. కుబ్రా పగలంతా దీని మీదే పడుకుంది. ఆవిడకి తెలియలేదు. ఆ వీపు కోసమే కదా ఈ గొడవంతా. ఆ వీపుకి తెలియడం మానేసిందని ఊరి ముందు, సత్యారావు ముందు తేలిపోతే, ఇంక షెడ్డు గురించి ఎవరూ ఒక్క మాట అనరు. కుబ్రా కూడా అనదు. తల వంచుకుని ఇంటికి నడుస్తుంది.

కళ్లు తెరిచాను. కుబ్రా నా మీదికి వంగి చూస్తోంది. తల మీద కొంగు జారింది. చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి. ఎప్పుడు వచ్చాయో నేను చూడలేదు.

“ఎలాగుంది?” అంది.

చేతికొచ్చిన లాభం వదులుకోవడం నా ఒంట్లో లేదు. కాని నోరు దాని ఇష్టం వచ్చినట్టు పలికింది.

“సాపుగా ఉంది,” అన్నాను. “ఒక్క ఉండ లేదు. పువ్వులాగుంది.”

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ప్రవల్లిక కళ్లు తుడుచుకుంది. సత్యారావు మాత్రం బోర్డు మీది దారం ముడి గట్టిగా బిగించుకున్నాడు. కుబ్రా గజాలా డబ్బాలోంచి ఖర్జూరం తీసుకుని నోట్లో వేసుకుంది. నా చేతిలోనూ ఒకటి పెట్టింది. నిమ్మరసం గడగడ తాగి గ్లాసు బంగార్రాజుకి ఇచ్చింది. “దీచ్చ జయప్రదం,” అన్నాడు బంగార్రాజు. నాకు ఎంత తేలిగ్గా అనిపించిందంటే, నష్టపోయినవాడికి కూడా ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను.

కుబ్రా నా చెవి దగ్గరికి వంగింది.

“ఎడం బుజం కింద తగల్లేదేటండీ?”

నోటి దాకా తెచ్చిన ఖర్జూరం దించేశాను.

“పొద్దున్న తొంగోగానే తగిలింది నాకు. పరీచ్చ లేకుండా పంపిన పరుపు, ఉండదేటి? పగలల్లా దాని మీదే ఉన్నాను. మీరొచ్చి తొంగున్నప్పుడు తగుల్తాదా, తగిలితే సెప్తారా, అదే నా పరీచ్చ.”

“తగిలింది కుబ్రా,” అన్నాను. “తగిలింది కాని…”

కాని తరవాత ఏం చెప్పను? నీ వీపుకి వయసైపోయిందనుకున్నాను, అందుకే దాచాను అని చెప్పాలి. అబద్ధం కంటే అది ఎక్కువ ఖరీదు.

“తగిలీ లేదన్నారు,” అంది కుబ్రా. గొంతులో కోపం లేదు. పరుపు మీద వేలు పెట్టి “ఇక్కడ” అని చూపించేటప్పటి గొంతు అది. “ఉండున్న పరుపుని పువ్వన్న మనిషి, ఫోమ్ రాదంటే నేను నమ్మాలా? ఆర్టిస్టునట కదా నేను. లెగండి.”

లేచాను. జనం అప్పటికే చెదిరిపోతున్నారు. మాడుగుల కండక్టరు విజిల్ వేశాడు. సత్యారావు బోర్డు చంకలో పెట్టుకుని, ఒక కాలు బస్సు మెట్టు మీద వేసి, నావైపు చూస్తూ ఆగాడు.

కుబ్రా బంతిపూల దండ తీసి ఓ పక్కన పెట్టింది. ఎడమ భుజం సరిగ్గా ఆ ఉండ మీదికి వచ్చేలా సర్దుకుని మళ్లీ పడుకుంది. దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

“బంగార్రాజన్నా,” అని పిలిచింది. “షామియానా విప్పించకండి. డిమాండు మారింది.”